ఆ ఇరవై నిమిషాల సంగతి చెప్పాలా, వద్దా?

పేరు వేయొద్దంటూ ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్ద ఉత్తరం. సారం మాత్రమే ఇస్తున్నాను. మనుషుల్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను.

ఆవిడకి నలభై దాటాయి. నాలుగేళ్ళుగా సముద్రంలో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) వేస్తున్నారు. మొదట ముగ్గురే ఉండేవారు, ఇప్పుడు తొమ్మిది మంది అయ్యారు. క్లబ్బు కాదు, సంఘం కాదు. ఫోన్లో ఒక గ్రూపు, నెలకి ఒకటో రెండో ట్రిప్పులు, అంతే. ఎవరూ ఒప్పజెప్పకుండానే ఏర్పాట్లన్నీ ఆవిడ నెత్తిన పడ్డాయి. ఆటుపోట్ల పట్టిక చూసేది, గాలి ఎటు మళ్ళుతుందో చూసేది, ఎక్కడ నీళ్ళలోకి దిగాలో ఎక్కడ గట్టెక్కాలో మ్యాపులో గుర్తుపెట్టేది, ఎవరి పడవ ఎవరి బండి మీద వస్తుందో సర్దేది అన్నీ ఆవిడే. అయితే ఒడ్డుకి చేరాక చెల్లే మాట ఇంకొకరిది. అందరికీ తెడ్డు పట్టడం నేర్పిన ఒక పెద్దాయన ఉన్నారు, మాస్టారు అంటారు. ఆయన నీళ్ళ వంక ఒకసారి చూసి "ఇటు వద్దు, అటు పోదాం" అంటే తొమ్మిది పడవలూ అటే తిరుగుతాయి. ఆవిడ అడ్డు చెబితే నవ్వి, "నీకు సముద్రం కంటే కాగితాల మీద నమ్మకం ఎక్కువమ్మా" అంటారట.

అసలు బాధ రెండు నెలల కిందట మొదలైంది. ఒక ట్రిప్పు నుంచి తిరిగొస్తుంటే గాలి మళ్ళి నేల మీద నుంచి సముద్రం వైపు వీయడం మొదలైంది. ఏడు పడవలు. గట్టిగా వేసేవాళ్ళు మాస్టారితో ముందుకి వెళ్ళిపోయారు. ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు వెనకబడింది, ఆమె కోసం ఈవిడా ఆగారు. మధ్యలో స్నేహితురాలి పడవ బోల్తా కొట్టింది. ఈవిడ ఈల ఊదారు, ఎవరూ తిరగలేదు. మూడుసార్లు విఫలమై నాలుగోసారికి ఆమెను పడవలోకి ఎక్కించేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. అప్పటికి ఆమె వేళ్ళు తెడ్డు పట్టుకోలేని స్థితిలో ఉన్నాయి. ఇద్దరూ ఒడ్డు చేరేసరికి మిగతావాళ్ళు పడవలు బండ్లకి కట్టేసుకుంటున్నారు. "ఏమ్మా, కబుర్లలో పడ్డారా?" అని ఎవరో అన్నారట.

"నేను నోరు తెరిచేలోపు అది నా చెయ్యి నొక్కింది. తర్వాత కారులో ఏడ్చింది. ఎవరికీ చెప్పకు, మళ్ళీ నన్ను రానివ్వరు అంది. ఉద్యోగం పోయి, ఇంట్లో గొడవలై, మనిషి పూర్తిగా కుంగిపోయిన రోజుల్లో దాన్ని బలవంతాన సముద్రానికి తీసుకొచ్చింది నేనే. ఇప్పుడు దానికున్న ఊరట ఇదొక్కటే. సరేనన్నాను. ఇప్పుడు మూడు వారాల్లో తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక దీవికి దాటాలని మాస్టారు ప్రతిపాదించారు. మధ్యలో ఆగడానికి ఏమీ లేదు. మొట్టమొదట వస్తానని చెయ్యెత్తింది ఇదే. చెబితే మాట తప్పినదాన్నవుతాను. చెప్పకపోతే ఏమవుతానో ఊహించుకోలేకపోతున్నాను. వాతావరణం బాగోలేదని అబద్ధమాడి ట్రిప్పు రద్దు చేయించేద్దామా అని కూడా అనుకున్నాను. ఆ రోజు ఈల వాళ్ళకి వినబడలేదో, విని పట్టించుకోలేదో... ఆ అనుమానం ఒకటి తినేస్తోంది. గుంపు వదిలేయాలా? దాన్ని వదిలేయాలా? ఏం చేయను?"

అమ్మా,

ముందు ఒక మాట. గాలి సముద్రం వైపు తోస్తుంటే, ఒంటరిగా, నాలుగో ప్రయత్నానికి ఒక మనిషిని పడవలోకి ఎక్కించి ఇంటికి చేర్చారు. ఉత్తరమంతా మీ తప్పులే వెతుక్కున్నారు గానీ ఈ సంగతి ఒక్క వాక్యంలో దాటేశారు. నేనైతే అక్కడ ఆగాను.

మీరు ఒక చిక్కుగా రాసినది నిజానికి మూడు చిక్కులు. ఒకటి, మీరిచ్చిన మాట. రెండు, మీ స్నేహితురాలు ఆ దీవికి దాటగలదా అన్నది. మూడు, మీ గుంపులో "వద్దు" అనే అధికారం ఎవరిదన్నది. మీరు మొదటిదాని గురించే ఎక్కువ మథనపడుతున్నారు. నా దృష్టిలో ముదిరింది మూడోది. అది తేలి ఉంటే మిగతా రెండూ ఇంత బరువెక్కేవి కావు.

మాట సంగతి చూద్దాం. ఆమె మిమ్మల్ని దాచమన్నది ఏమిటి? తాను బోల్తా పడ్డాననీ, చేతులు చచ్చుబడ్డాయనీ, ఏడ్చాననీ. అది ఆమె సిగ్గు. దాన్ని కాపాడటం స్నేహధర్మమే. కానీ ఆ రోజు ఇంకొన్ని సంగతులు కూడా జరిగాయి. గుంపు చీలిపోయింది. చివర ఎవరుండాలో ఎవరూ అనుకోలేదు. పిలిస్తే ముందున్నవాళ్ళకి అందలేదు. బోల్తా పడిన మనిషి దగ్గర ఒకే ఒక పడవ ఉంది. రెండు పడవలు కనపడకుండా పోయినా ఒడ్డు చేరేదాకా ఒక్కరికీ అనుమానం రాలేదు. ఇవి ఆమె రహస్యాలు కావు, తొమ్మిది మందికీ చెందిన సంగతులు. రేపు అలాగే వెనకబడేది ఇంకెవరైనా కావచ్చు, మాస్టారే కావచ్చు. మీరు సరేనన్నప్పుడు రెండూ కలిపి మూటగట్టేశారు. ఆ మూట విప్పి వేరు చేయొచ్చు.

ఇలా గుంపు చీలడం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పే ఉదంతం ఒకటుంది. 1993 మార్చి 22న ఇంగ్లండ్ దక్షిణ తీరంలో లైమ్ బే అనే చోట ఎనిమిది మంది విద్యార్థులు, వాళ్ళ టీచరు, ఇద్దరు శిక్షకులు కయాక్‌లలో బయలుదేరారు. టీచరు పడవ పదేపదే బోల్తా పడింది. ఒక శిక్షకుడు ఆయన దగ్గర ఆగిపోయాడు. పిల్లలు రెండో శిక్షకురాలితో వేరయ్యారు. గాలి వాళ్ళని సముద్రం లోపలికి తోసుకుపోయింది. ఒకరి తర్వాత ఒకరి పడవలు మునిగాయి. సహాయానికి కబురు చాలా ఆలస్యంగా అందింది. నలుగురు పిల్లలు చనిపోయారు. అక్కడి పార్లమెంటు 1995లో పిల్లల సాహస క్రీడా కేంద్రాల కోసం ప్రత్యేకంగా చట్టం చేయడానికి ఈ దుర్ఘటనే కారణం. వాళ్ళు డబ్బు తీసుకుని నడిపిన కేంద్రం మనుషులు, మీరు స్నేహితులు. ఆ తేడా చట్టానికి ముఖ్యం, గాలికి కాదు. ఒక మనిషికి ఇబ్బంది రావడం, ఒకరు ఆగడం, మిగతావాళ్ళు వేరైపోవడం: మీకు జరిగిందీ ఈ వరసలోనే.

నేల మీద నుంచి వీచే గాలి మోసమే వేరు. ఒడ్డు దగ్గర నీళ్ళు నున్నగా ఉంటాయి. అలలు పెరగడానికి గాలికి కొంత దూరం కావాలి, ఒడ్డు పక్కన ఆ దూరం ఉండదు. బయటికి పోతుంటే గాలి వీపున ఉంటుంది కాబట్టి హాయిగా, వేగంగా సాగుతుంది. వెనక్కి తిరిగినప్పుడే తెలుస్తుంది. 15 నాట్ల, అంటే గంటకి సుమారు 28 కిలోమీటర్ల ఎదురుగాలిలో మామూలు మనిషి వేగం సగానికి పడిపోవచ్చు. బోల్తా పడినవాళ్ళని ఎక్కించే ఇరవై నిమిషాల్లో గాలి ఇద్దర్నీ గంటకి రెండు కిలోమీటర్ల చొప్పున తోసినా అరకిలోమీటరుకు పైనే లోపలికి పోతారు. మూడో పడవ ఉంటే అది తాడు వేసి మీ ఇద్దర్నీ గాలికి ఎదురుగా లాగి పట్టుకునేది. మీ పని మీరు నెమ్మదిగా చేసుకునేవారు. నాలుగుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది మీకు చేతకాక కాదు, మూడో మనిషి లేక.

ఇప్పుడు స్నేహితురాలు దాటగలదా అన్న ప్రశ్న. దీన్ని ప్రేమతోనూ భయంతోనూ కాకుండా కాసేపు లెక్కతో చూద్దాం. మీ గుంపు గంటకి 6 కిలోమీటర్లు వేస్తుందనీ ఆమె 4 వేస్తుందనీ రాశారు. తొమ్మిది కిలోమీటర్లంటే వాళ్ళకి గంటన్నర, ఆమెకి రెండుంబావు. గుంపు వేగమంటే చివరి మనిషి వేగమే కాబట్టి ట్రిప్పు రెండుంబావు గంటలది. ఇక అడ్డంగా ఒక నాట్, అంటే గంటకి 1.85 కిలోమీటర్ల ప్రవాహం ఉందనుకోండి. రెండుంబావు గంటల్లో అది నాలుగు కిలోమీటర్లు పక్కకి లాగేస్తుంది. దానికి తగ్గట్టు పడవ ముక్కు ప్రవాహానికి ఎదురుగా కోణంగా పెట్టి వేస్తే రెండున్నర గంటలు పడుతుంది. ఆమె ఎంతసేపు ఆగకుండా వేయగలదు? చివరిసారి ఎప్పుడు రెండు గంటలు ఏకబిగిన వేసింది? జవాబు మీ ఇద్దరికీ తెలుసు.

వెనకబడేవాళ్ళకి జరిగే అన్యాయం ఒకటుంది, ఎవరూ పట్టించుకోరు. ముందున్నవాళ్ళు ఆగి విశ్రాంతి తీసుకుంటారు. వెనకాల మనిషి రొప్పుతూ అక్కడికి చేరగానే "సరే, పదండి" అని బయలుదేరతారు. అందరికంటే అలసిన మనిషికే విశ్రాంతి ఉండదు. ఆ మనిషే బోల్తా పడుతుంది, అప్పుడు "తను వీక్" అంటారు. మీ స్నేహితురాలు నెమ్మదే, ఒప్పుకుందాం. ఆ నెమ్మదిని ప్రమాదంగా మార్చింది మాత్రం గుంపు నడక.

చేతులు పట్టు తప్పిన సంగతి తేలిగ్గా తీసుకోకండి. నీళ్ళు గాలి కంటే పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. బాగా చల్లటి నీళ్ళ గురించి రక్షణ సిబ్బంది 1-10-1 అని ఒక లెక్క చెబుతారు. ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్ళూ చెప్పినమాట వినేది పది నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. ఆమె ఇరవై నిమిషాలు ఉంది. మీ దగ్గర నీళ్ళు అంత చల్లన కాకపోవచ్చు, కానీ తడిసిన ఒంటి మీద గాలి తోడైతే కథ మారుతుంది. ఎండ ఎలా ఉందో చూసి కాదు, నీళ్ళలో పడితే ఎలా ఉంటుందో చూసి బట్టలు వేసుకోవాలి. ఆమె ఆ రోజు ఏం వేసుకుందో మీరు రాయలేదు. అడిగి తెలుసుకోండి.

మూడో చిక్కు దగ్గర మాత్రం కాస్త నిలబడాలి. మీరు నాయకురాలి పని చేస్తున్నారు, నాయకత్వం మీకు లేదు. మాస్టారికి నాయకత్వం ఉంది, ఆ పని ఆయన చేయడం లేదు. మిగతా ఏడుగురూ ఎవరో ఒకరు చూసుకుంటున్నారులే అనే ధీమాలో ఉన్నారు. ఇది ఆయన చెడ్డతనం కాదు. మీరు రాసిన దాన్నిబట్టి ఆయన నిజంగానే నీళ్ళు చదవగలిగిన మనిషి. గొడవంతా అక్కడే. మంచుకొండల్లో చరియలు విరిగిపడి జరిగే ప్రమాదాలను పరిశీలించిన ఇయాన్ మెక్‌కామన్ అనే పరిశోధకుడు, తెలివైన గుంపులు కూడా పడే కొన్ని ఉచ్చుల్ని గుర్తించాడు. వాటిలో ఒకటి నిపుణుడి చుట్టూ మనం గీసే వెలుగు వలయం. ఆయన ఉన్నాడు కదా అని మన కళ్ళు మనం మూసేసుకుంటాం. ఆ వలయం ఆయనకీ మంచిది కాదు. ఎవరూ ప్రశ్నించని మనిషికి తన తప్పు తెలిసేది అది జరిగిపోయాకే.

ఇంకో సంగతి. మాస్టారు ఆ రోజు మీ ఇద్దరినీ వదిలేసి పోయారన్న కోపం మీ ఉత్తరంలో ఉంది, ఆ మాట మీరు రాయకపోయినా. ఆయనకి జరిగింది తెలియదు. తెలియనివ్వకుండా చేసింది మీరిద్దరూ. తెలియని తప్పుకి ఆయన రెండు నెలలుగా శిక్ష అనుభవిస్తున్నారు, ఆ శిక్ష పడిందని కూడా ఆయనకి తెలియదు.

ఇక మీ ముందున్న దారులు. ఏ దారిలో ఏముందో చెబుతాను, ఎంపిక మీది.

అబద్ధం చెప్పి రద్దు చేయించడం పని చేస్తుంది, ఒక్కసారికి. కానీ మీకు గుంపులో ఉన్న ఆస్తి ఏమిటి? మీ అంచనా నమ్మదగిందన్న పేరు. మాస్టారికి అనుభవం, కుర్రాళ్ళకి కండ, మీకు ఈ పేరు. ఆరోజు మీరు గాలి ఎక్కువని చెప్పి ఆపేశాక సముద్రం అద్దంలా ఉంటే ఆ పేరు పోతుంది. ఆపైన నిజంగా గాలి ముదిరే రోజు మీ మాట ఎవరూ వినరు. పైగా వాయిదా పడిన ట్రిప్పు మళ్ళీ వస్తుంది, రహస్యం అలాగే ఉంటుంది. ఈ దారి నాకు నచ్చలేదు, దాచడమెందుకు.

నోరు మూసుకుని వెళ్ళి, మీరే ఆమె పక్కన ఉండటం ఇంకో దారి. చాలామంది చేసేది ఇదే. దానివల్ల మీరు ఆమెకి రక్షకురాలవుతారు, మరి మీకెవరు? ఒడ్డుకి నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో మీ పడవే బోల్తా పడితే మిమ్మల్ని ఎక్కించగలిగేది ఆమెనా? రక్షించే పద్ధతి ఆమె అభ్యాసం చేయలేదని మీరే రాశారు.

గుంపు వదిలేయడం మీ హక్కు. అలసిపోయారని ప్రతి పేజీలో తెలుస్తోంది. ఒక సీజన్ పక్కకి తప్పుకుంటే తప్పేమీ లేదు. కానీ మీరు లేకపోతే ట్రిప్పు ఆగదు, పట్టికలు చూసే మనిషి లేకుండా జరుగుతుంది. మీ స్నేహితురాలు అందులో ఉంటుంది. వెళ్ళిపోదలిస్తే ఆ రోజు జరిగింది చెప్పి వెళ్ళండి. చెప్పకుండా వెళితే అది తప్పుకోవడం కాదు, తప్పించుకోవడం.

"ఎవరి బాధ్యత వాళ్ళదే, నాయకుడు లేడు" అని తేల్చేయడం కూడా ఒక పద్ధతే. సమాన నైపుణ్యం ఉన్న నలుగురు కలిసి వెళ్ళేటప్పుడు అది బాగానే నడుస్తుంది. అందరూ పట్టిక చూస్తారు, అందరికీ రక్షణ వచ్చు, ఎవరైనా వద్దంటే వద్దు. మీ గుంపు అలా లేదు. పట్టిక ఒకరు చూస్తారు, రక్షణ ముగ్గురికి వచ్చు. అక్కడ ఎవరి బాధ్యత వాళ్ళదే అంటే, ఈత రానివాళ్ళని నీ ఈత నువ్వే చూసుకో అన్నట్టు ఉంటుంది.

ఇక ట్రిప్పుకొక నాయకుణ్ణి పేరు పెట్టి ముందే అనుకోవడం. ఈసారి మాస్టారు, వచ్చేసారి మీరు, ఆపై ఇంకొకరు. ఆ రోజుకి ఆ మనిషి మాటే మాట. వద్దంటే చర్చ లేదు. ఎవరు రావచ్చో చెప్పేదీ ఆ మనిషే. దీనివల్ల మాస్టారు నొచ్చుకోవచ్చు. ఇన్నాళ్ళూ అడక్కుండానే దక్కింది ఇప్పుడు వంతులవారీగా వస్తుంది కదా. నాయకుడంటే బాధ్యత కూడా కాబట్టి కొందరు మాకొద్దంటారు. గుంపు తొమ్మిది నుంచి ఆరుకి తగ్గినా ఆశ్చర్యపోవద్దు. నా మొగ్గు ఇటే ఉంది. మొదటి వంతు ఆయనకే ఇవ్వమంటాను, ఈ దీవి ట్రిప్పుకే. పేరు మీద పడితే మనుషులు నీళ్ళ వంక ఇంకొకసారి చూస్తారు.

ఏ దారి పట్టినా ఒక పని మాత్రం ఇంట్లో కూర్చున్నప్పుడే అయిపోవాలి: ఎప్పుడు వెళ్ళమో అంకెల్లో రాసుకోవడం. ఒడ్డున, పడవలు దించేసి, లైఫ్ జాకెట్లు తొడుక్కుని, ఇంత దూరం వచ్చాం కదా అనే వేడిలో ఉన్నప్పుడు "వద్దు" అనడం ఎవరివల్లా కాదు. నావల్లా కాలేదు. ఏళ్ళ కిందట ఒకసారి, నురుగు చూస్తూ చూస్తూ దిగాను, ఎనిమిది మందిని దింపాను. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే నా కొంప ముంచింది, ఆ తర్వాత రెండేళ్ళు అదే ధైర్యంతో తిరిగాను.

రాసుకోవాల్సినవి పెద్దగా ఉండవు. గాలి ఇన్ని నాట్లు దాటితే దీవి లేదు, ఒడ్డు వెంబడి పోదాం. బయలుదేరాక గంటా పది నిమిషాల్లో సగం దూరం రాకపోతే ఎవరేమన్నా వెనక్కి. ఏ ఇద్దరి మధ్యా దూరం మాట వినబడనంత కాకూడదు. కూర్చున్న మనిషి కంటి ఎత్తు నీటికి ముప్పాతిక మీటరు పైన ఉంటుంది, ఆ ఎత్తు నుంచి దిగంతం మూడు కిలోమీటర్లే. మధ్యలో అర మీటరు అల లేస్తే మూడొందల మీటర్ల అవతలి పడవ కూడా కనబడుతూ పోతూ ఉంటుంది. ముందొకరు, వెనకొకరు. వెనకుండే మనిషి గుంపులో నెమ్మదైనవాళ్ళు కాకూడదు, చేయి తిరిగినవాళ్ళలో ఒకరు కావాలి. ఎక్కడికి పోతున్నారో, ఎన్నింటికి వస్తారో, రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఒడ్డున ఒక మనిషి దగ్గర కాగితం ఉండాలి.

బయలుదేరే వేళ మాటకొస్తే, ఆరు గంటల పోటులో మూడో గంట చివరికి ప్రవాహం ముమ్మరంగా ఉంటుందన్నది మీకు తెలిసిందే. మొదటి గంట చివర సగం బలం, రెండో గంట చివర తొంభై శాతం, మూడు దగ్గర పూర్తి బలం, తర్వాత అదే వరసలో దిగుతుంది. అందుకే అడ్డం దాటేవాళ్ళు ప్రవాహం నిలిచే వేళకి ఇటూ అటూ పెట్టుకుంటారు. ఒక్క జాగ్రత్త. పట్టికలో నీటిమట్టం మారే వేళా ప్రవాహం తిరిగే వేళా ఒకటే కానక్కర్లేదు. దీవులకీ తీరానికీ మధ్య సన్నటి దారుల్లో గంటల తేడా కూడా ఉంటుంది. ఇది మాస్టారినే అడగండి. ఏళ్ళ తరబడి అక్కడి నీళ్ళు చూసిన మనిషికి మీ పట్టికలో లేనిది తెలిసి ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో ప్రవాహం మరీ జోరు. మీరనుకున్న తేదీ ఎక్కడ పడుతోందో చూసుకోండి. ప్రవాహానికి గాలి ఎదురైతే అల పొట్టిగా నిటారుగా లేస్తుంది. అదే గాలి, అదే ప్రవాహం ఒకవైపుకి పోతున్నప్పుడు ఏమీ లేనట్టుంటుంది.

కాగితమా, కంటిచూపా అని మీకూ మాస్టారికీ ఉన్న పేచీ మీద నాకు నవ్వొచ్చింది. ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ అనే బ్రిటిష్ నౌకాధికారి 1805లో చేసింది కంటిని కాగితం మీద పెట్టడమే. ఓడ తెరచాపలు ఏ గాలికి ఎలా ఉంటాయో చూసి అంకెలు వేశాడు. ఇప్పుడు మనం నీటిని చూసి అంకె చెబుతాం. అక్కడక్కడ తెల్లనురుగు తలలు కనబడితే మూడో అంకె, అంటే 7 నుంచి 10 నాట్లు. తరచుగా కనబడితే నాలుగు, 11 నుంచి 16. మాస్టారితో "మీ కన్ను తప్పు" అనకండి. "ఎన్ని నురుగులు కనబడితే మనం ఆగుదాం, మీరే చెప్పండి, రాసుకుంటాను" అనండి. ఆయన చెప్పిన అంకె, మీ చేతిరాత. ఒడ్డున ఆయన మనసు మార్చుకుంటే ఎదురయ్యేది మీరు కాదు, ఆయన మాటే.

స్నేహితురాలికి ముందు చెప్పకుండా ఈ పనులేవీ మొదలుపెట్టకండి. గుంపులో పేరు ఎత్తకుండా మాట్లాడినా, ఆ రోజు వెనకాల ఉన్నది మీరిద్దరే అని అందరికీ తెలుసు. కాబట్టి వెళ్ళి కూర్చోండి. ఫోన్లో వద్దు. "నువ్వు ఏడ్చిన సంగతి ఎవరికీ చెప్పను, చచ్చేదాకా చెప్పను. గుంపు చీలిపోయిన సంగతి మాత్రం చెప్పి తీరాలి, ఎందుకంటే ఆరోజు నాకూ భయమేసింది" అనండి. ఆ చివరి మాట ముఖ్యం. ఆమె ఇన్నాళ్ళూ భయపడింది తానొక్కతేనని అనుకుంటోంది. తానే చెబుతానంటే మరీ మంచిది. వద్దు, చెబితే నీతో మాట్లాడను అనొచ్చు కూడా. అప్పుడు మీకు ఆమె కోపం ఒకవైపు, ఆమెను నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో నీళ్ళలో చూడటం ఇంకోవైపు. నేనైతే కోపాన్ని భరిస్తాను. కోపగించుకోవడానికి మనిషి ఉంటుంది కదా.

ఆమెకి "రావద్దు" అనే మాట ఒక్కటే చేతిలో పెట్టి రాకండి. దీవికి ముందు రెండు ఆదివారాలు ఒడ్డు పక్కన నడుములోతు నీళ్ళలో బోల్తా కొట్టి ఎక్కడం, ఎక్కించడం అందరూ చేయాలని పెట్టండి, మాస్టారితో సహా. ఎక్కించేవాళ్ళు బోల్తా పడిన పడవ ముక్కు ఎత్తి నీళ్ళు పారబోసి, తిరగేసి, పడవ గట్టిగా పట్టుకుంటే పడినవాళ్ళు వెనక డెక్కు మీదికి పాకుతారు. అభ్యాసమున్న జంటకి రెండు మూడు నిమిషాల పని. అందరూ పడితే పడటంలో సిగ్గు ఉండదు. ఆ రెండు ఆదివారాల తర్వాత ఆమెకి రెండు గంటలు ఏకబిగిన వేసే శక్తి రాకపోవచ్చు, మూడు వారాల్లో ఒంటి శక్తి రాదు. అప్పుడు ఈసారి దీవి ఆమెకి లేదు. లేదా ఈసారి ఎవరికీ లేదు, అందరూ గంటకొకచోట గట్టెక్కగలిగిన తీరం వెంబడి దారి పట్టాలి. మొదటిదైతే ఆమె ఒక రోజు నొచ్చుకుంటుంది, రెండోదైతే కుర్రాళ్ళు సణుగుతారు. గుంపును అడిగి చూడండి, ఎవరేమంటారో దాన్నిబట్టి ఆ గుంపు ఏమిటో మీకే తెలుస్తుంది.

ఇక మిమ్మల్ని తినేస్తున్న ఆ అనుమానం. ఆ రోజు గాలి నేల మీద నుంచి వీస్తోంది. ముందున్నవాళ్ళు ఒడ్డు వైపు ఉన్నారు, మీరు సముద్రం వైపు. అంటే మీ ఈల శబ్దం గాలికి ఎదురు వెళ్ళాలి. ఎదురుగాలిలో శబ్దం పైకి వంగిపోతుంది, నీటి మీద ఉన్న చెవులకి చేరదు. కొన్ని వందల మీటర్ల దూరంలో, తెడ్ల చప్పుడులో, అలల హోరులో ఎంత మంచి ఈలైనా వాళ్ళకి అందే అవకాశం లేనట్టే. మీకు మాత్రం వాళ్ళు నవ్వుకుంటున్నది కూడా వినబడి ఉంటుంది, గాలి అటు నుంచి ఇటు కాబట్టి. అందుకే వాళ్ళు విని ఊరుకున్నారనిపించింది. వెనకాల పడవలో ఈల కాదు, నీళ్ళలో పాడవని వీహెచ్ఎఫ్ రేడియో ఉండాలి, ముందు పడవలో రెండోది. ఆపదలో పిలవడానికి 16వ ఛానల్, మీలో మీరు మాట్లాడుకోవడానికి అనుమతి ఉన్న ఇంకొకటి. లైసెన్సు నిబంధనలు కనుక్కోండి. అవి వచ్చేదాకా ముందున్నవాళ్ళు ఐదు నిమిషాలకొకసారి వెనక్కి తిరిగి పడవలు లెక్కపెట్టాలి. ఆ లెక్కపెట్టే పని మాస్టారికే అప్పగించి చూడండి.